సంక్షేమ పంపిణీలో డిజిటల్ గుర్తింపు

రేషన్ బియ్యం, పింఛను, ఉపాధి కూలి, గ్యాస్ రాయితీ వంటివి అసలు లబ్ధిదారుకే చేరుతున్నాయా అని ఎలక్ట్రానిక్ పద్ధతుల్లో సరిచూసుకునే ఏర్పాటును సంక్షేమ పంపిణీలో డిజిటల్ గుర్తింపు అంటారు. భారతదేశంలో దీనికి మూలం 12 అంకెల ఆధార్ సంఖ్య, దానితో ముడిపడిన వేలిముద్రలు, కనుపాపలు, ముఖచిత్రం. దొంగపేర్లతో సరుకూ సొమ్మూ పక్కదారి పట్టకుండా చూడటం దీని ప్రకటిత లక్ష్యం. ఆ తనిఖీలోనే కొందరు అర్హులు చిక్కుకుని నష్టపోవడం దీని చుట్టూ సాగుతున్న వివాదం. ఈ వ్యాసం ప్రధానంగా ప్రజాపంపిణీ వ్యవస్థకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, జార్ఖండ్ అనుభవాలను ఇందులో కొంత వివరంగా చూడవచ్చు.

పరిభాష

అనర్హులు జాబితాలో ఉండిపోవడాన్ని చేర్పు దోషమనీ, అర్హులు జాబితా బయట మిగిలిపోవడాన్ని మినహాయింపు దోషమనీ అంటారు. ఒకదాన్ని తగ్గించాలని తనిఖీ బిగిస్తే రెండోది పెరిగే వీలుంది. అయితే లెక్కల పుస్తకంలో ఈ రెండిటికీ సమానమైన చోటు లేదు. బోగస్ కార్డు తీసేసినా, అర్హురాలైన వృద్ధురాలి కార్డు తీసేసినా ఖజానా దాన్ని రాసుకునేది ఆదా కిందనే. మొదటి తప్పును వెతకడానికి అధికారులు, యంత్రాలు, సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. రెండోది బయటపడాలంటే నష్టపోయిన మనిషి పని మానుకుని ఆఫీసు దాకా వచ్చి చెప్పుకోవాలి.

ప్రజాపంపిణీలో జరిగే అక్రమాలను మూడు రకాలుగా విడదీయడం ఉపయోగకరం. లేని మనిషి పేరుతో, లేదా ఒకరి బదులు ఇంకొకరు తీసుకోవడం గుర్తింపు మోసం. ఉన్నవారే అయినా అర్హత లేకుండా కార్డు పొందడం అర్హత మోసం. కార్డూ మనిషీ అసలువే అయినా చేతికి తక్కువ తూచి, పుస్తకంలో నిండుగా రాయడం తూకం మోసం. వేలిముద్ర ఆపగలిగేది మొదటిదాన్నే. జార్ఖండ్‌లో క్షేత్రస్థాయి సర్వేలు చేసిన ఆర్థికవేత్తలు జాన్ డ్రేజ్, రీతికా ఖేరా ఈ తేడాను పదేపదే ఎత్తిచూపారు. ప్రభుత్వ ప్రకటనల్లో మూడూ 'లీకేజీ' అనే ఒక్క మాటలో కలిసిపోతుంటాయి.

చరిత్ర

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి తెల్ల రేషన్ కార్డు తెలుగునాట విలువైన కాగితమైంది. 1997లో కేంద్రం ప్రజాపంపిణీని దారిద్ర్యరేఖ ఆధారంగా విభజించింది. 2000 డిసెంబరులో నిరుపేదల కోసం అంత్యోదయ అన్న యోజన వచ్చింది. కార్డుకు విలువ పెరిగేకొద్దీ బోగస్ కార్డుల బెడదా పెరిగింది. వాటి ఏరివేతకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005 ప్రాంతంలోనే కార్డుదారుల కనుపాపలను నమోదు చేయించింది. ఆధార్ అనే మాట అప్పటికింకా పుట్టలేదు.

2009 జనవరిలో భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడింది. నందన్ నీలేకని దాని తొలి అధ్యక్షుడు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో మొదటి ఆధార్ సంఖ్యలు ఇచ్చారు. రేషన్ దుకాణంలో ఆధార్ వేలిముద్రను పరీక్షించిన తొలి ప్రాంతాల్లో తూర్పు గోదావరి జిల్లా ఒకటి (2012). 2015లో ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లో వేలిముద్ర సరిచూసే ఈ-పోస్ యంత్రాలను పెద్దయెత్తున ప్రవేశపెట్టింది, తరువాత తెలంగాణలోనూ అవి వచ్చాయి. ఈ మధ్యలోనే 2013 జాతీయ ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం దాకా జనాభాకు నెలకు మనిషికి 5 కిలోల ధాన్యాన్ని, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలను చట్టబద్ధమైన హక్కుగా చేసింది. అప్పటిదాకా పథకంగా ఉన్నది హక్కుగా మారిన కాలమూ, ఆ హక్కుకు వేలిముద్ర షరతైన కాలమూ దాదాపు ఒకటే.

పనిచేసే విధానం

చౌకధరల దుకాణంలో డీలరు ముందు కార్డు నంబరు నొక్కుతాడు. ఈ-పోస్ తెరమీద కుటుంబ సభ్యుల పేర్లు వస్తాయి. వచ్చినవారి పేరు ఎంచుకుని, వేలు అద్దంమీద పెట్టమంటాడు. ముద్ర గుప్తరూపంలో ఆధార్ కేంద్ర భాండాగారానికి వెళ్తుంది, అక్కడి ముద్రతో పోల్చి చూశాక అవును లేదా కాదు అనే జవాబు తిరిగొస్తుంది. అవునని వస్తే నెల కోటా తెరమీద కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాను యంత్రానికి అనుసంధానించిన చోట్ల తూకం పూర్తయ్యాకే రసీదు బయటికి వస్తుంది.

కాదని వస్తే మొదలయ్యే తతంగాన్ని రేషన్ దుకాణం ముందు నిలబడ్డవారెవరైనా చూసే ఉంటారు. వేలిని చీర కొంగుకు తుడిచి మళ్లీ పెట్టిస్తారు. తడిబట్టతో అద్దాన్ని తుడుస్తారు. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, కుడిచెయ్యి కాకపోతే ఎడమచెయ్యి. 'వేలిముద్రలు పడటం లేదు', 'సర్వర్ పనిచేయడం లేదు' అనే రెండు వాక్యాలు ఈ వ్యవస్థతో పాటే జనం నోట వాడుకలో స్థిరపడ్డాయి. ముద్ర పడనివారికి కనుపాప పరీక్ష, మొబైల్‌కు వచ్చే ఓటీపీ, ఇటీవల ముఖ గుర్తింపు ప్రత్యామ్నాయాలుగా ఉన్నాయి. కనుపాపను చూసే పరికరం దుకాణంలో ఉండి, ఫోన్ నంబరు ఆధార్‌కు జతపడి, ఆ ఫోన్ ఇంట్లో ఎవరి దగ్గరుందో తెలిస్తేనే అవి అక్కరకొస్తాయి.

ధ్రువీకరణ వైఫల్యాలు

కూలిపని, సిమెంటు పని, బీడీలు చుట్టడం, అంట్లు తోమడం వల్ల వేళ్ల గీతలు అరిగిపోతాయి. వయసుతో చర్మం పలచబడుతుంది. కుష్ఠు వ్యాధి వల్ల వేళ్లు దెబ్బతిన్నవారికి అసలు ముద్రే ఉండదు. పిల్లలు 5 ఏళ్లకు, 15 ఏళ్లకు బయోమెట్రిక్ వివరాలు నవీకరించుకోవాలి, అది జరగకపోతే అదీ ఒక అడ్డంకే. కేంద్ర ఆర్థిక సర్వే 2016-17 అప్పటి అంచనాలను ఉటంకిస్తూ ధ్రువీకరణ వైఫల్యం జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, కృష్ణా జిల్లాలో 5 శాతమని పేర్కొంది. ఒకే సాంకేతికతకు ఇంత అంతరం రావడానికి ప్రధాన కారణాలు నెట్‌వర్క్, పరికరాల నాణ్యత, డీలరు శిక్షణ. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఈ-పోస్ తొలి నెలల్లో రేషన్ అందనివారిపై జరిపిన సామాజిక తనిఖీలో ఎక్కువగా వినిపించిన కారణం వేలిముద్ర సరిపోలకపోవడమే.

సగటు శాతాలు ఒక విషయాన్ని దాచిపెడతాయి. రేషన్ కార్డులో ఎవరి ముద్ర పడినా కుటుంబమంతటికీ సరుకు వస్తుంది. లెక్క కోసం ఒక్కొక్కరి ముద్ర పడకపోయే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. నలుగురున్న ఇంట్లో నలుగురివీ పడకపోయే అవకాశం పదివేలలో ఒకటి. ఒంటరి వృద్ధురాలికి మాత్రం అది పదింట ఒకటిగానే ఉంటుంది. ఆసరా ఎవరికి తక్కువో వారి మీదే యంత్రం తప్పు ఎక్కువగా పడుతుంది. పైగా కుటుంబంలో గట్టి చేతులున్నవాడు దుకాణానికి వెళ్లగలడు, మంచాన పడినవారు వెళ్లలేరు.

అక్రమాల మీద ప్రభావం

ఈ అంశంలో ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్ల చెల్లింపుకు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు ప్రవేశపెట్టినప్పుడు కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో వాటి ఫలితాన్ని పరిశీలించారు. 2016లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం కూలి డబ్బు త్వరగా, నమ్మకంగా అందింది. మధ్యలో కాజేయడం చెప్పుకోదగినంత తగ్గింది. అర్హులు దూరమైన దాఖలా కనిపించలేదు, లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతినే కోరుకున్నారు. అయితే అప్పట్లో కార్డు లేనివారికీ, ముద్ర పడనివారికీ మాన్యువల్‌గా చెల్లించే వెసులుబాటు ఉండేది. చెల్లింపు కూడా ఊళ్లోనే జరిగేది.

అదే బృందం 2016 నుంచి 2018 వరకు జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో చూసింది వేరు. అక్కడ ముద్ర తప్పనిసరి. దానివల్ల లీకేజీ కొలవదగినంతగా తగ్గలేదు. అంతకుముందు కార్డుకు ఆధార్ జతచేసుకోని కుటుంబాలు తమకు అందే సరుకులో సుమారు పదోవంతు కోల్పోయాయి. 2017లో ప్రభుత్వం ఈ-పోస్ లెక్కల ప్రకారం డీలర్ల దగ్గర మిగిలి ఉండాల్సిన నిల్వ మేరకు వారి కోటాలో కోత విధించింది. అప్పుడు లీకేజీ బాగా తగ్గింది, దాంతో పాటు లబ్ధిదారులకు అందే సరుకూ తగ్గింది. మోసం ఆగిన చోట దాని భారం కొంత కార్డుదారు మీదకే దిగిందన్నమాట. ఆంధ్ర, జార్ఖండ్ అధ్యయనాల్లో పథకాలు వేరు, కాలం వేరు కాబట్టి నేరుగా పోల్చడం కుదరదు. కానీ తనిఖీ విఫలమైతే ఏం చేయాలన్న నిబంధనలో ఉన్న తేడాను విస్మరించలేం.

ఆదా గణాంకాలనూ జాగ్రత్తగా చదవాలి. గ్యాస్ రాయితీని నేరుగా ఖాతాలో వేసే పహల్ పథకంపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2016లో ఇచ్చిన నివేదిక దీనికి మంచి ఉదాహరణ. 2014 ఏప్రిల్-డిసెంబరుతో పోలిస్తే 2015లో అదే కాలానికి రాయితీ భారం సుమారు 23,300 కోట్ల రూపాయలు తగ్గింది. అందులో దాదాపు 21,550 కోట్లు అంతర్జాతీయ చమురు ధర పడిపోయి రాయితీ రేటు తగ్గడం వల్ల వచ్చినవి. రాయితీ సిలిండర్ల వాడకం తగ్గడం వల్ల వచ్చినది 1,764 కోట్లే.

వేలిముద్ర కూడా నకిలీకి అతీతం కాదు. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ముద్రల నుంచి పాలిమర్ నకళ్లు తీసి, వాటితో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన ఉదంతం బయటపడింది. ఒకే మనిషికి రెండు ఆధార్ సంఖ్యలు ఉండవన్న భరోసాకూ మినహాయింపులున్నాయి. 2019 నవంబరు నాటికి 4.75 లక్షలకు పైగా సంఖ్యలను నకళ్లుగా తేల్చి రద్దు చేశారని ఆడిట్ నివేదిక తెలిపింది.

ఇక ముద్ర పడిన తరువాత జరిగేది యంత్రానికి కనిపించదు. కార్డుదారు వేలు పెట్టి, బియ్యం ఇంటికి తీసుకెళ్లకుండా డీలరుకో దళారికో కిలోకు కొన్ని రూపాయలకు వదిలేస్తే ఆ లావాదేవీ రికార్డుల్లో పరిపూర్ణం. ఆ బియ్యమే మిల్లులు తిరిగి రేవుకు చేరుతుంది. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో రేషన్ బియ్యం ఎగుమతి ఆరోపణలపై ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఓడను ఆపమనడం దేశమంతటా వార్త అయింది. అందులోని ప్రతి గింజకూ ఎక్కడో ఒక ముద్ర పడే ఉండవచ్చు. (చూ. పేదల బియ్యం అక్రమ రవాణా)

జాబితాల వడపోత

డిజిటల్ తనిఖీ దుకాణంలోనే జరగదు. అంతకుముందే, అర్హుల జాబితా దగ్గర, కంప్యూటర్ రికార్డులను ఒకదానితో ఒకటి పోల్చే వడపోత ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఆరు అంచెల పరిశీలన అంటారు. భూమి, నాలుగు చక్రాల వాహనం, నెలకు 300 యూనిట్ల కరెంటు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, పట్టణంలో ఆస్తి విస్తీర్ణం వంటివి ఇందులో కొలమానాలు. అద్దెకున్నవారి ఆధార్ ఇంటి యజమాని మీటరుకు ముడిపడటం వంటి చిన్న పొరపాటే కుటుంబాన్ని అనర్హుల వరసలో నిలబెడుతుంది. మీటరు తమది కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ కుటుంబమే.

తెలంగాణలో ప్రభుత్వ శాఖల సమాచారాన్ని కలిపి పోల్చే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ఈ పని చేసింది. పేర్లు, చిరునామాల పోలికను బట్టి ఇద్దరు ఒకరేనా అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ దాని గుండెకాయ. తెలుగు పేర్లలో ఇంటిపేరు ఒక రికార్డులో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో పొడి అక్షరంగా ఉండటం తెలిసిందే. ఉర్దూ పేర్లను తెలుగులో, ఇంగ్లిష్‌లో రకరకాలుగా రాస్తారు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారుందని సాఫ్ట్‌వేర్ తేల్చడంతో కార్డు అందకుండా పోయింది. కారు ఆయన పేరును పోలిన మరొకరిది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ ఏడాది జూలై నాటికి పరిశీలించిన 2 లక్షలకు పైగా దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులని తేలినట్టు 2024లో పాత్రికేయ పరిశోధన ఒకటి వెల్లడించింది. అంటే కనీసం 7.5 శాతం. కోటి కార్డులను జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్ నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గా చెప్పినా లక్ష కుటుంబాల విషయంలో పొరబడుతుంది.

ఉపాధి హామీలో 2022-23లో 5.18 కోట్ల మంది కూలీల పేర్లు తొలగించినట్టు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అంతకుముందు ఏడాది ఆ సంఖ్య 1.49 కోట్లు. నకిలీ కార్డులు, ఒకరికే రెండు కార్డులు, వలస, మరణం, పనికి ఇష్టపడకపోవడం వంటివి ప్రభుత్వం చెప్పిన కారణాలు. ఆధార్ ఆధారిత చెల్లింపుకు మారాల్సిన గడువు ఒత్తిడి వల్ల నిజమైన కూలీల పేర్లూ కొట్టేశారన్నది కార్మిక సంఘాల ఆక్షేపణ. ఆ చెల్లింపు విధానం 2024 జనవరి 1 నుంచి తప్పనిసరైంది.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి వడపోతలు వివాదమయ్యాయి. ఆస్ట్రేలియాలో వార్షికాదాయాన్ని సగటు చేసి పేదలకు బాకీ నోటీసులు పంపిన 'రోబోడెట్' విధానాన్ని 2023లో రాయల్ కమిషన్ తీవ్రంగా తప్పుపట్టింది. నెదర్లాండ్స్‌లో శిశుసంరక్షణ భత్యం పొందిన వేల కుటుంబాలపై మోసగాళ్లని ముద్రవేసిన ఉదంతంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

చట్టం, తీర్పులు

2016 ఆధార్ చట్టంలోని 7వ సెక్షన్ సంచిత నిధి నుంచి ఇచ్చే రాయితీలకు ఆధార్ ధ్రువీకరణ కోరే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. సంఖ్య ఇంకా కేటాయించనివారికి వేరే గుర్తింపు మార్గం చూపాలని అదే సెక్షన్ అంటుంది. 2017 ఫిబ్రవరిలో ప్రజాపంపిణీకి ఆధార్‌ను తప్పనిసరి చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సెప్టెంబరులో జార్ఖండ్ సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక మరణించింది. ఆధార్ జతకాలేదని రేషన్ కార్డు రద్దు కావడంతో ఆకలితో చనిపోయిందని కుటుంబం, ఆహార హక్కు కార్యకర్తలు అన్నారు. మలేరియా అని అధికారులు చెప్పారు. అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు ఉత్తర్వు పంపింది. ఆధార్ లేదనో, ముద్ర పడలేదనో ఎవరికీ రేషన్ నిరాకరించరాదని, అటువంటి లావాదేవీని వేరే రిజిస్టరులో నమోదు చేయాలని దాని సారాంశం.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 4-1 మెజారిటీతో 7వ సెక్షన్‌ను సమర్థించింది. కొద్దిమందికి ధ్రువీకరణ విఫలమవుతుందని పథకాన్నే కొట్టేయడం సరికాదని, వారికి ప్రత్యామ్నాయం ఉంటుందన్న ప్రభుత్వ హామీని స్వీకరిస్తున్నామని మెజారిటీ భావించింది. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్ చట్టం మొత్తం రాజ్యాంగ విరుద్ధమన్నారు. రాజ్యాంగ హక్కులు యంత్రం పనితీరు మీద ఆధారపడకూడదని కూడా అన్నారు.

ఆహార భద్రత చట్టం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారిని, రాష్ట్ర ఆహార కమిషన్‌ను ఏర్పాటు చేయమంటుంది. కార్డు రద్దుకు ముందు నోటీసు, విచారణ ఉండాలన్నది సహజ న్యాయం. తెలంగాణ కార్డుల రద్దు కేసులో కోర్టు ముందుకొచ్చిన ప్రధాన ఫిర్యాదు ఆ నోటీసు లేకపోవడమే.

ప్రత్యామ్నాయ ఏర్పాట్లు

డిజిటల్ గుర్తింపు లభ్యతను పెంచిన సందర్భాలూ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పోర్టబిలిటీ, అంటే ఏ దుకాణంలోనైనా రేషన్ తీసుకునే వీలు. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర జంటలతో ప్రయోగాత్మకంగా మొదలై 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చిన భవన నిర్మాణ కూలీ అక్కడే బియ్యం తీసుకోగలగడం కాగితపు కార్డుతో సాధ్యమయ్యేది కాదు. సరిగా తూచని డీలరును వదిలి పక్క దుకాణానికి పోయే స్వేచ్ఛ కూడా దీనివల్లే వచ్చింది. తూకం మోసానికి వేలిముద్ర కన్నా ఇదే పెద్ద విరుగుడని చెప్పవచ్చు.

ముద్ర పడనివారి కోసం ఆంధ్రప్రదేశ్‌లో కొంతకాలం గ్రామ రెవెన్యూ అధికారి తన వేలిముద్రతో పూచీ ఇచ్చే పద్ధతి నడిచింది. ఈ ఒక్క మార్పుతో బాధ్యత కార్డుదారు నుంచి అధికారికి మారుతుంది, ఎవరి పూచీతో ఎంత సరుకు వెళ్లిందో జాడ కూడా మిగులుతుంది. 2021 జనవరిలో ఆ రాష్ట్రం 9,260 వాహనాలతో ఇంటివద్ద పంపిణీ ప్రారంభించింది. 2025 జూన్ 1న దాన్ని రద్దుచేసి దుకాణాలకు మళ్లింది, 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం ఇంటికే చేర్చే ఏర్పాటు ఉంచింది. పింఛన్లు మొదట గ్రామ, వార్డు వాలంటీర్ల ద్వారా, 2024 జూలై నుంచి గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ద్వారా ఇంటి గుమ్మంలోనే అందుతున్నాయి. యంత్రం మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు మంచాన పడినవారి సమస్య చాలావరకు తీరుతుంది.

సామాజిక తనిఖీ మరో మార్గం. ఊరివారి మధ్య జాబితా చదివి, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని అడగడం దీని పద్ధతి. ఉపాధి హామీ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో దీనికి ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. చేర్పు దోషం, మినహాయింపు దోషం ఒకే సభలో బయటపడే విధానం ఇది. (చూ. సామాజిక తనిఖీ)

2018లో తెలంగాణ రైతుబంధు చెక్కుల పంపిణీలో జరిగిన ప్రయోగానికి బయోమెట్రిక్‌తో సంబంధమే లేదు. లాటరీ పద్ధతిలో ఎంచుకున్న కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు, 'మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతాం' అని ముందుగా చెప్పారు. తరువాత కాల్ సెంటర్ నుంచి రైతులకు ఫోన్లు వెళ్లాయి. ఆ మండలాల్లో చెక్కు అందినవారు, సకాలంలో అందినవారు మిగతాచోట్ల కన్నా కొద్ది శాతం ఎక్కువగా తేలారు. పెరుగుదల చిన్నదే అయినా ఖర్చు ఇంకా చిన్నది. అక్కడ తనిఖీకి గురైంది చెక్కు ఇవ్వాల్సిన అధికారి. రైతు తన గుర్తింపు మళ్లీ రుజువు చేసుకోవాల్సిన పని పడలేదు, ఫోన్ ఎత్తి జవాబు చెబితే సరిపోయింది.